గాయాల సంత

పద్మకోశ రాజ్యంలో రాణీగారి పూజకు పూలు గుచ్చాలన్నా, అంగడిలో తూకపు రాళ్లు సరిచూడాలన్నా, కోట బురుజు మీద గంట కొట్టాలన్నా ముందు యుద్ధం చేసి రావాలి. చేసి వచ్చానని నోటితో చెబితే చాలదు. ఒంటి మీద శత్రువు కత్తి పెట్టిన గాయం ఉండాలి, అదీ ముందువైపు ఉండాలి. రాజధానిలో కొలువుల వాకిలి అని ఒక పెద్ద ద్వారం ఉంది. దాని మీద కంచుతో పోతపోసిన యక్షిణి ముఖం వేలాడుతూ ఉంటుంది. ఉద్యోగం కోరినవాడు వెళ్లి తన గాయపు మచ్చను ఆ ముఖం ముందు పెట్టాలి. యక్షిణి నాలుక చాచి మచ్చను నాకి, కోసింది శత్రువు ఇనుమే అయితే ‘అర్హుడు’ అంటుంది. ఇంట్లో కూర్చుని సొంత కత్తితో గీసుకొచ్చినవాడి చేతిని కొరికి పారేస్తుంది. ఈ ఏర్పాటంతా రాజగురువూ మహా మాంత్రికుడూ అయిన కాలజంఘుడిది. పూలు గుచ్చడానికీ కత్తిపోటుకూ ఏమిటి సంబంధమని అడిగినవాళ్లు మొదట్లో ఉండేవారట. ఇప్పుడు లేరు.

మాచన ఆ వాకిలి దాటాలనే సరిహద్దులోని గద్దముక్కు కనుమకు వచ్చాడు. గానుగ ఆడించుకుని బతికే ఇంటివాడు, కత్తి పట్టడం అతని వంశంలోనే లేదు. నగరం చివర కాలజంఘుడి దీపాల మేడ ఉంది. దాని గుమ్మం దగ్గర నువ్వుల నూనె పోసేది మాచన ఇంటివాళ్లే. ఒకనాడు మాచన జ్వరంతో పడుకుంటే అతని అక్క మైలమ కుండ నెత్తిన పెట్టుకుని మేడకు వెళ్లింది. మళ్లీ ఇంటికి రాలేదు. మేడలో దీపాలు వెలిగించే ముసలివాడు కొన్నాళ్లకు వణుకుతూ వచ్చి సంగతి చెప్పాడు. మాంత్రికుడు మైలమ చేతిలో ఒక దీపం పెట్టి నిలబెట్టాడు. ఆ దీపం వెలుగుతున్నంత కాలం ఆమె పాదాల నుంచి పైకి నెలనెలా కొంచెం కొంచెంగా రాయి అయిపోతోంది. గుండె దాకా రాయి ఎక్కితే ఇక ఆమె లేనట్టే. ఆలోగా తోడబుట్టినవాడు వెళ్లి ఆ దీపాన్ని నోటితో ఊది ఆర్పితే మళ్లీ మనిషవుతుంది.

అయితే ఆ మేడలోకి దీపాలవాడు తప్ప ఈగ కూడా దూరదు. సంగతి చెప్పిన ముసలివాడు ఆ వేసవిలోనే మంచాన పడి కన్నుమూశాడు. పోతూ పోతూ మాచన చెయ్యి పట్టుకుని, రాయి మోకాళ్లు దాటిందని చెప్పాడు. దీపాలవాడి కొలువు ఖాళీ అయింది. అది రాజుగారి కొలువు కనుక దానికీ గాయం కావాలి. మాచన గానుగెద్దును అమ్మేసి కత్తి కొనుక్కుని సైన్యంలో చేరాడు. వానాకాలమంతా కోటలో కాపలా కాస్తే గానీ గాయానికి వంతు రాదు. వర్షం కురిసిన ప్రతి రోజూ అతను అక్క నడుము గురించే ఆలోచించాడు.

ఆ వంతు నేడు వచ్చింది.

తూర్పు శిఖరాన బాలభానుడు కుంకుమ పొడి చల్లినట్టు ఎర్రబారగా, లోయ నిండా పరచుకున్న తెల్లని మంచుతెరలు మెల్లమెల్లగా పైకి లేచి నల్లని కొండకొమ్ములకు ఉత్తరీయాలై చుట్టుకున్నాయి. ఉత్తరాన అశ్మంత రాజ్యపు దుర్గం, రక్తవర్ణ పతాకాలతో, కోరలు సాచిన సింహాలు చెక్కిన మహాద్వారంతో ఆకాశాన్ని ఒరుసుకుంటోంది. దక్షిణాన పద్మకోశపు దుర్గం, ఏనుగు కుంభస్థలాల వంటి బురుజులతో, ఎండకు తళతళలాడే ఈటెల వరుసలతో దానికి ఎదురొడ్డి నిలిచింది. కింద పాతాళంలో శంఖిని నది బండలను దొర్లించుకుంటూ ఘోషిస్తోంది. ఆ రెండు దుర్గాల నడుమ, లోయకు అడ్డంగా వంతెన వేసినట్టు, మహా విశాలమైన రాతిబండ ఒకటి ఉంది. దూరం నుంచి చూసినవాడికి ఆ బండ మీద వీరుల నెత్తురు ఏరులై పారి ఉంటుందనిపిస్తుంది. నిజానికి అక్కడ జరిగేది సంత.

అశ్మంత రాజు ఏ విషయంలోనూ పొరుగు రాజుకు తీసిపోవడం ఇష్టంలేనివాడు. పద్మకోశంలో ఈ చట్టం వచ్చిందని తెలిసిన ఏడాదే తన రాజ్యంలోనూ పెట్టించాడు. దాంతో రెండు వైపులా ఉద్యోగాలు కావలసిన కుర్రాళ్లు గాయాల కోసం ఒకే బండ మీదికి రావడం మొదలైంది. మొదటి రోజుల్లో నిజంగానే నరుక్కున్నారు. గాయపడదామని వచ్చినవాళ్లు చచ్చిపోయారు, కొలువులు ఖాళీగానే ఉండిపోయాయి. అప్పుడెవరో ఒక తెలివైనవాడు కత్తి దించి, ‘నీకు ఏ కొలువు కావాలి?’ అని అవతలివాణ్ణి అడిగాడట. ఆ ప్రశ్నతో సంత పుట్టింది. జతలు జతలుగా బండ మీద కూర్చుంటారు. ఒకరి కొలువు ఒకరు అడుగుతారు. ఎడమ భుజం మీద నీ కత్తితో నాకొక గాటు, నా కత్తితో నీకొక గాటు. తర్వాత రెండు కోటల వాళ్లూ గట్టిగా కేకలు వేసుకుంటూ, డాళ్ల మీద కత్తులు మోగించుకుంటూ వెనక్కి పోతారు. పైన దళపతులకు ఈ సంగతి తెలుసు. వాళ్ల భుజాల మీదా ఆ గాట్లే ఉన్నాయి కనుక ఎవరూ నోరు విప్పరు.

సంతకు పెద్ద ముమ్మడి తాత. ఒక కన్ను లేదు, పళ్లు అసలే లేవు. వయసులో ఉండగా ఏదో కొలువు కోరి వచ్చాడు, ఏ కొలువో ఇప్పుడు ఆయనకే గుర్తు లేదు. కోట అన్నానికి అలవాటు పడి ఉండిపోయాడు. జతలు కలపడం, గాటు లోతు చూడటం, భయంతో కళ్లు తిరిగినవాళ్ల మొహాన నీళ్లు కొట్టడం ఆయన పని.

“చెంప మీద మాత్రం వద్దన్నా, పెళ్లి కావలసినవాణ్ణి,” అని బతిమాలుతున్నాడు సుంకాల చావడిలో కొలువు కోరి వచ్చిన కేతుడు.

“చెంప మీద పెట్టడానికి నేనేమైనా నీ పెళ్లామా? భుజం ఇలా తిప్పు,” అన్నాడు అశ్మంతవాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ముమ్మడి తాత ఒక చిన్న గిన్నె పట్టుకుని జతల మధ్య తిరుగుతున్నాడు. “కత్తి ముంచనిదే ఎవడూ గాటు పెట్టకండి రోయ్! మన మాచనగాడి మందు ఇది. మొన్నమొన్నటి దాకా సగం మందికి భుజాలు చీము పట్టేవి. ఒకడికి చెయ్యే తీసేశారు. ఇప్పుడు చూడండి, వారంలో దారంలా మానిపోతోంది!”

ఆ గిన్నెలో ఉన్నది వేడిచేసిన నువ్వుల నూనెలో కలిపిన పసుపు. మాచన ఇంటి నుంచి కుండెడు నూనె తెచ్చుకున్నాడు. కోటలో చేరిన కొత్తలో కుళ్లిన భుజంతో మూలుగుతున్న ఒకణ్ణి చూసి జాలిపడి, గాటు పెట్టే కత్తిని ముందు ఇందులో ముంచమని అతనే చెప్పాడు. మందు రెండు కోటలకూ పాకింది. గాయం మానాక మచ్చ అంచున సన్నని పసుపు గీత మిగిలేది. ఆ గీతను చూసి అందరూ మురిసిపోయారు. మాచనతో పక్క పంచుకున్న సూరన అనే కుర్రాడు, రాణీగారి పూజకు పూలు గుచ్చే కొలువు కోరినవాడు, ఆ మందుతో గాటు పెట్టించుకుని అందరికంటే ముందు రాజధానికి వెళ్లాడు. వెళ్తూ మాచనను కావలించుకుని, “నువ్వొచ్చేసరికి నీకో మల్లెదండ సిద్ధంగా ఉంచుతాను” అన్నాడు.

మాచన జతగాడు గుండయ. అశ్మంతవాడు, పొడగరి, మాటకారి, మాచనకంటే నాలుగైదేళ్లు పెద్ద. ఆ వానాకాలంలో కాపలా వంతులు కలిసినప్పుడల్లా ఇద్దరూ బండకు ఈ చివరా ఆ చివరా కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. గుండయ మూటలో ఉప్పూ మిరపకాయలూ విసిరేవాడు, మాచన ఇటునుంచి రొట్టెలు విసిరేవాడు. అశ్మంత కోటలో వంట మరీ ఘోరమట.

“చూడు తమ్ముడూ, ఇవాళ్టితో మన బాధ తీరిపోతుంది,” అంటూ గుండయ బండ మీద చతికిలబడ్డాడు. “పద్ధతి ప్రకారం అడుగు మరి.”

“నీకు ఏ కొలువు కావాలి, అన్నా?”

“తెలిసీ అడిగించుకోవడం బాగుంటుంది సుమా! మా రాజుగారి గజశాలలో ఏనుగుకు స్నానం చేయించే కొలువు. నల్లమబ్బని ఒక ఆడ ఏనుగు ఉంది. దాని మావటి పోయాక ఎవర్నీ ఒంటి మీద చెయ్యి వెయ్యనివ్వడం లేదు. ఒళ్లంతా మట్టి కట్టి పుళ్లు పడ్డాయి పాపం. నేను వెళ్లి పక్కన కూర్చుంటే మాత్రం తొండం తెచ్చి నా ఒళ్లో పెడుతుంది. ఏం లాభం! గాయం లేనివాడు ఏనుగుకు నీళ్లు పొయ్యకూడదట.”

“నీకు గాయం ఉందో లేదో ఏనుగుకు ఏం తెలుసు?”

“దానికి తెలియదు కాబట్టే నన్ను రానిచ్చింది,” అని గుండయ పెద్దగా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, “మీ అక్క గుండె దాకా రాయి రాలేదుగా ఇంకా?” అని అడిగాడు.

“కార్తీక పున్నమి దాకా ఆగుతుందని ముసలివాడి లెక్క. ఇవాళ గాటు పడితే, మానేసరికి రాజధాని చేరతాను.”

“పడుతుంది, ఇప్పుడే పడుతుంది. భుజం చూపించు.” గుండయ కత్తి దూసి గిన్నె కోసం చెయ్యి చాచాడు. ముమ్మడి తాత వంగి గిన్నె అందించబోయాడు.

అప్పుడు బండ మీద నీడ పడింది.

ఎండ ఒక్కసారిగా ఆరిపోయినట్టయింది. అందరూ తలలెత్తారు. కారుమబ్బుకు రెక్కలు మొలిచినట్టు, ఇనుప ఈకలు ఒకదానికొకటి రాచుకుంటూ ఖణఖణమని మోగుతుండగా, దుంగల వంటి కాళ్లతో, నెత్తుటి గడ్డల వంటి కన్నులతో ఒక మహా గృధ్రం ఆకాశం నుంచి దిగివస్తోంది. దాని వీపు మీద పులితోలు పరిచిన ఆసనం. ఆ ఆసనం మీద, ఎముకల హారాలు, జేగురు రంగు జడలు, మోకాళ్లు దాటిన చేతులతో కాలజంఘుడు కూర్చుని ఉన్నాడు. గద్ద మెడలో, కొలువుల వాకిలి మీద ఉండవలసిన కంచు యక్షిణి ముఖం గొలుసుతో వేలాడుతోంది. దాని రెక్కల గాలికి బండ అంచున ఉన్న ఇద్దరు తూలి లోయలోకి పడిపోయారు. వాళ్ల కేకలు నది హోరులో కలిసిపోయాయి.

గద్ద బండ మధ్యలో వాలింది. కాలజంఘుడు తొందరపడలేదు. నడుముకున్న సంచిలోంచి ఏదో తీసి అందరి మధ్యకు విసిరాడు. అది దొర్లుకుంటూ వచ్చి మాచన కాళ్ల దగ్గర ఆగింది.

భుజం దాకా తెగిన మనిషి చెయ్యి. వేళ్ల సందున పూల దారం ఇంకా చుట్టుకుని ఉంది. భుజం మీద నిలువుగా ఒక గాటు, దాని అంచున సన్నని పసుపు గీత.

“ఎవడి చెయ్యో పోల్చుకున్నారా?” అన్నాడు కాలజంఘుడు. గొంతు మెత్తగా ఉంది. “వాకిట్లోనే నెత్తురోడి చచ్చిన పూలవాడిది. మహా సంతోషంగా వచ్చి మా యక్షిణికి భుజం చూపించాడు. ఇన్నేళ్లుగా పాపం ఇది మీ గాట్లన్నిటినీ నమ్మింది. శత్రువు ఇనుమా కాదా అన్నదే దానికి నేను నేర్పిన విద్య. కానీ ఈ మచ్చ నాకి ఏమందో తెలుసా? ‘ఈ ఇనుములో పగ లేదు, పసుపు ఉంది’ అంది. నాకు నవ్వొచ్చింది. చంపడానికి వచ్చిన శత్రువు కత్తికి పసుపు రాసుకుని వస్తాడా? చీము పట్టకూడదని నూనె పూస్తాడా? మీ సంత నాకు బోధపడింది.”

మాచన ఆ పసుపు గీత మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయాడు. ఆ మందు కలిపిన చేతులు అతనివే. ఒకడి బాధ చూడలేక చేసిన పని ఇంకొకడి చెయ్యి తెంపింది, ప్రాణమే తీసింది. ముమ్మడి తాత చేతిలోని గిన్నె జారి బండ మీద పడి, పసుపు నూనె పల్లానికి పారింది.

“ఇక మీదట గాయం చెల్లదు,” అన్నాడు కాలజంఘుడు లేచి నిలబడి. ఈసారి గొంతు రెండు కొండలకూ తగిలి మోగింది. “కొలువు కావలసినవాడు శత్రువు ప్రాణం తీసి, ఆ నెత్తురు ఆరకముందే యక్షిణికి చెయ్యి చూపించాలి. అశ్మంత రాజుకూ కబురు పంపాను. ఆయనకూ ఇదే సమ్మతం. ఎదురుగా జతలు సిద్ధంగానే ఉన్నాయి కదా! బతికినవాడికి ఈ పూటే కొలువు. ఎవరినీ చంపకుండా బండ దిగబోయినవాడికి కోటల మీంచి బాణం.”

ఆ మాట పూర్తికాకముందే ఉత్తర దుర్గంలో ఢక్క మోగింది. రెండు కోటల బురుజుల మీదా విలుకాండ్రు వరుసగా లేచి నిలబడ్డారు. వాళ్ల భుజాల మీద పాత గాట్లు ఉన్నాయి. ఒక్కరూ కిందివాళ్ల కళ్లలోకి చూడటం లేదు.

బండ మీద ఎవరూ కదల్లేదు. జతగాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుండిపోయారు. ముమ్మడి తాత రెండు చేతులూ పైకెత్తి గద్ద ముందుకు నడిచాడు.

“స్వామీ! పిల్లలు, పొట్టకూటికి వచ్చినవాళ్లు. తప్పు నాది. సంత నడిపింది నేను. నన్ను…”

దక్షిణపు బురుజు మీంచి బాణం వచ్చి ఆయన మెడలో దిగింది. సొంత కోట బాణమే. తాత తన ఒంటికన్నుతో వెనక్కి తిరిగి బురుజు వైపు చూసి, అక్కడే కూలబడ్డాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నోరు రాదు. ఎవడో భయంతో లేచాడు. వాడు పారిపోవడానికి లేచాడో కొట్టడానికి లేచాడో తెలియక పక్కవాడు పొడిచాడు. ఒక్కసారి నెత్తురు చూశాక బండంతా పెనుగులాటే. ఇందాక చెంప గురించి వేళాకోళాలాడిన అశ్మంతవాడు మూలుగుతూ కేతుడి చెంపనే నిలువునా చీల్చాడు. కేతుడు రంకె వేసి వాడి మీద పడి గొంతులో కత్తి దించాడు. నెత్తురు కారే చేతిని పైకెత్తుకుని ఏడుస్తూ గద్ద దగ్గరికి పరుగెత్తాడు. యక్షిణి నాలుక చాచి నాకింది. “అర్హుడు,” అంది కంచు గొంతుతో. కేతుడు అక్కడే మోకాళ్ల మీద పడి తల బండకేసి కొట్టుకున్నాడు. సుంకాల చావడిలో అతనికి కొలువు దొరికింది.

మాచన, గుండయ ఒకరికొకరు వీపు ఆనించి నిలబడి మీదికొచ్చినవాళ్లను డాళ్లతో నెట్టేస్తున్నారు.

“తమ్ముడూ, నదిలోకి దూకేద్దామా?” అన్నాడు గుండయ రొప్పుతూ.

“దూకితే మా అక్క?”

మాచన మనసులో అప్పుడే లెక్క పూర్తయింది. ఈ బండ దిగాలంటే ఒక ప్రాణం కావాలి. మీదికొచ్చినవాళ్లు అప్పటికే చెదిరి దూరంగా పెనుగులాడుతున్నారు, వెనక ఉన్న ఈ వీపు తప్ప తన కత్తికి అందే ప్రాణం ఇంకొకటి లేదు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. అయినా అది పోలేదు. నడుము దాకా రాయైపోయి, చేతిలో దీపంతో, రెప్ప వెయ్యలేని కళ్లతో నిలబడిన మైలమ కళ్ల ముందు కనిపించింది. చిన్నప్పుడు తల్లి పోతే ఆమే తనను చంకన వేసుకుని గానుగ చుట్టూ తిరిగింది.

“అన్నా, ఇటు తిరుగు,” అన్నాడు మాచన. “వీపులో పొడవలేను.”

గుండయ తిరిగి చూశాడు. మాచన మొహంలో ఏముందో అతనికి అర్థమైంది. కోపం తెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. “నాకూ బతకాలనే ఉంది తమ్ముడూ,” అని మాత్రం అని కత్తి ఎత్తాడు. “ఊరికే చచ్చిపోలేను.”

ఇద్దరూ కలబడ్డారు. కత్తులు రెండుసార్లు ఒరుసుకుని నిప్పులు రాలాయి. పసుపు నూనె పారినచోట కాలు జారి మాచన ఒక మోకాలి మీద పడ్డాడు. మెడ, రొమ్ము, పొట్ట అన్నీ గుండయ కత్తికి అందుబాటులో ఉన్నాయి. గుండయ కత్తి దించాడు. వానాకాలమంతా ఏ చోట గాటు పెట్టాలని ఆ చెయ్యి సాధన చేసిందో ఆ చోటే దించింది. ఎడమ భుజం మీద, లోతు ఎక్కువ కాకుండా, నీటుగా ఒక గీత గీసింది. గుండయ తన చేతికేసి తానే ఆశ్చర్యంగా చూసుకున్నాడు.

ఆ క్షణంలో మాచన కత్తి అతని పక్కటెముకల కింద పిడి దాకా దిగింది.

గుండయ మాచన మీదికే ఒరిగాడు. అతని బరువంతా మాచన చేతుల్లోకి వచ్చింది. “నల్లమబ్బు…” అని ఏదో చెప్పబోయాడు. మాచన అతన్ని బండ మీద పడుకోబెట్టాడు. ఎక్కడో లోపల గానుగ రోలు పగిలినట్టయింది. ‘నేను చంపాను, నా చేతులారా చంపాను’ అని మనసు ఒకటే గొడవ పెడుతోంది. దాని నోరు నొక్కి అవతల పెట్టి, ఎర్రగా తడిసిన కుడిచేతిని చాపుకుని గద్ద వైపు నడిచాడు. ఏడవడానికి తర్వాత జీవితమంతా ఉంది, అక్కకు మాత్రం కార్తీక పున్నమి దాకానే ఉంది.

కాలజంఘుడు అతన్ని చూసి చిరునవ్వు నవ్వాడు. “రా నాయనా. ఏ కొలువు?”

“దీపాలవాడి కొలువు.”

మాంత్రికుడి కనుబొమలు కొద్దిగా పైకి లేచాయి. “నా మేడలోనే! మంచిది. చెయ్యి చూపించు.”

యక్షిణి ముఖం చల్లని నాలుక చాచింది. అరచెయ్యి నాకింది. మణికట్టు నాకింది. మూసి ఉన్న కంచు కనురెప్పలు మెల్లగా తెరుచుకున్నాయి. మళ్లీ ఒకసారి అరచెయ్యి నాకింది.

“ఇది శత్రువు నెత్తురు కాదు,” అంది చివరికి. “ఈ నెత్తురులో నీ మీద పగ లేదు. నీ చేతిలోనూ వాడి మీద పగ లేదు. అనర్హుడు.”

మాచనకు ఆ మాట వెంటనే తలకెక్కలేదు. అక్క కోసం చంపాడు. అక్క దక్కలేదు. చంపినవాడు మాత్రం వెనక బండ మీద పడి ఉన్నాడు.

కాలజంఘుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. “నా యక్షిణికి రాజ్యాలూ సరిహద్దులూ తెలియవు నాయనా. పూలవాడి మచ్చ నాకిన నాటినుంచి అది వెతికేది పగ ఒక్కటే. నేస్తాన్ని పొడిచి నా దగ్గరికి వచ్చావా? పోనీలే. ఇంకా కొందరు బతికే ఉన్నారు. శత్రువెవడో చూసుకుని మళ్లీ రా.”

మాచన తలెత్తి అతన్ని చూశాడు. జేగురు జడలు, ఎముకల హారాలు, సూరన చెయ్యి తీసిన సంచి, మైలమ చేతిలో దీపం పెట్టిన పొడవాటి వేళ్లు. అక్కను తీసుకుపోయిన నాటినుంచి ఇప్పటిదాకా తన పగ ఎవరి మీదో అతనికి ఒక్కనాడూ అనుమానం లేదు. ఇంత దగ్గరగా మాత్రం ఎన్నడూ రాలేదు.

“చూసుకున్నాను,” అన్నాడు.

వెనక్కి నడిచి గుండయ కత్తిని బండ మీంచి అందుకుని మళ్లీ గద్ద ముందుకు వచ్చాడు. మరుక్షణం యక్షిణి ముఖం మీద కాలు మోపి గద్ద మెడ మీదికి ఎగిరి దూకాడు. కాలజంఘుడు మంత్రం కోసం నోరు తెరిచేలోగా ఆ కత్తి అతని తొడలో దిగింది. నల్లని నెత్తురు చిమ్మి మాచన మోచేతి దాకా తడిసింది. మాంత్రికుడు పెట్టిన అరుపుకు రెండు కోటల విలుకాండ్రూ విల్లులు జారవిడిచారు. గద్ద బెదిరి, ఇనుప రెక్కలు టపటపలాడించి, ఇద్దరినీ మోసుకుని బండ మీంచి ఆకాశానికి లేచింది.

లోయ కిందికి జారిపోయింది. శంఖిని నది దారప్పోగంత అయింది. కాలజంఘుడు తొడను ఒక చేత్తో అదుముకుని, రెండో చేత్తో కొరడా ఝళిపించాడు. అది ఒంటికి చుట్టుకుని మాచన గద్ద మెడ మీంచి జారిపడ్డాడు. జారుతూ జారుతూ గద్ద మెడలోని గొలుసు అందుకుని వేలాడాడు. నల్లని నెత్తురు కారే అతని చెయ్యి యక్షిణి పెదవులకు తగిలింది. నాలుక బయటికి వచ్చింది.

“శత్రురక్తం!” కంచు గొంతు గాలిలో గణగణమని మోగింది. “అర్హుడు! దీపాల మేడకు అర్హుడు!”

కాలజంఘుడి మొహం పాలిపోయింది. ప్రాణం పోయిందా లేదా అన్నది యక్షిణికి తెలియదు, నెత్తురే తెలుసు. దాని నోటివెంట వచ్చిన మాటను తాను రద్దు చెయ్యలేడు, ఆ కట్టుబాటు కట్టింది తానే. కొరడా దించి, పళ్లు బిగించి, కిందికి వంగి మాచన మొహంలోకి చూశాడు.

“కొలువు నీదే,” అన్నాడు. “కానీ కొలువులో చేరాలంటే నేల మీద కాలు పెట్టాలి కదా!”

గద్ద చెవిలో ఏదో ఊదాడు. అది రెక్కలు ముడిచి తలకిందులుగా దూకింది. గాలి చెవుల్లో ఈలలు వేసింది. మబ్బులు చీలి, దూరాన రాజధాని, దాని చివర తొమ్మిది అంతస్తుల నల్లరాతి మేడ కనిపించాయి. పై అంతస్తు గవాక్షంలో పట్టపగలే ఒక చిన్న దీపం వెలుగుతోంది. “అక్కా!” అని మాచన గొంతు చించుకున్నాడు. గొలుసు పట్టుకున్నది ఎడమ చెయ్యి. గుండయ గీసిన గాటు బరువుకు విచ్చుకుని నెత్తురు కారి వేళ్ల దాకా వచ్చింది. కుడిచేతిని పైకి చాపితే గొలుసు అందడం లేదు. తడిసిన వేళ్ల సందున గొలుసు లంకెలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి, మేడ మాత్రం ఇంకా దూరంలోనే ఉంది.